నా చేయి తగిలితే వైన్ ఎందుకు పారబోశారు?

ప్రశ్న:

కోనసీమ నుంచి ఇజ్రాయెల్ వెళ్లిన 36 ఏళ్ల సోదరి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. తన పేరు, ఊరు రాయవద్దన్నారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె రెండేళ్లుగా పెతాఖ్ తిక్వాలో ఒక యూదు కుటుంబంలో మెతపెలెత్‌గా, అంటే పెద్దవాళ్లను ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషిగా పనిచేస్తున్నారు. ఆమె చూసుకునే పెద్దావిడకు 84 ఏళ్లు. ఇంట్లో అందరిలాగే ఈమె కూడా ఆవిడను సావ్తా అని పిలుస్తారు. సావ్తా అంటే నానమ్మ, అమ్మమ్మ అని. ఆవిడకు స్నానం చేయించడం, మందులు వేయడం, అన్నం తినిపించడం, రాత్రి పక్క గదిలో పడుకోవడం అన్నీ ఈమె పనే. ఇంట్లో అందరూ మర్యాదగా మాట్లాడతారు, జీతం సమయానికి ఇస్తారు. ఏజెంటుకు కట్టడానికి చేసిన ఆరు లక్షల అప్పులో సగం తీరింది.

ఒక శుక్రవారం రాత్రి సావ్తా మనవడికి కుదిరిన సంబంధం వాళ్లు భోజనానికి వచ్చారు. విశ్రాంతి దినం మొదలవుతుంది కాబట్టి వెండి కప్పులో వైన్ పోసి ప్రార్థన చదవాలి. సావ్తా చేతులు వణుకుతుంటే, అప్పటికే మూత తీసి ఉన్న సీసా అందుకుని ఈమె కప్పు నింపారు. వెంటనే అల్లుడుగారు "రెగా, రెగా" అంటే ఆగు, ఆగు అంటూ లేచి, కప్పులోదీ సీసాలోదీ సింకులో పారబోసి కొత్త సీసా తెచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ తలలు దించుకుని ప్లేట్ల వంక చూశారు. ఆమె మాటల్లోనే: "నేను గదిలోకి వెళ్లి నా చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. మా నానమ్మకు కాపు దొర ఇంటి ముందు పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేవారట. అది విన్న కథ అనుకున్నాను. ఇప్పుడు నాకే జరిగింది." ఆ రాత్రి సావ్తా వాకర్ పట్టుకుని ఆమె గది తలుపు దాకా వచ్చి, "జె లో అత్, జె లో అత్" అని రెండుసార్లు అని వెళ్లిపోయారట. అంటే "నువ్వు కాదు" అని.

అప్పటి నుంచి ఆమెకు ఇతర విషయాలు కూడా గుచ్చుకుంటున్నాయి. వంట ఈమె చేసినా, స్టవ్ మాత్రం వణికే చేతులతో సావ్తానే వెలిగిస్తారు. శనివారం లైటు కావాలంటే వేయమని చెప్పరు, "ఇక్కడ చీకటిగా ఉంది" అంటారు. ఊళ్లో ఉన్న తమ్ముడు అంబేద్కర్ సంఘంలో పనిచేస్తాడు. "అక్కడా అదేనా? ఆ ఇల్లు వదిలెయ్" అంటున్నాడు. పాస్టరుగారేమో "వాళ్లు దేవుడు ఏర్పరచుకున్న ప్రజలు, నోరెత్తకు, శాపం తగులుతుంది" అన్నారు. భర్త అప్పు సంగతి గుర్తు చేస్తున్నారు. "ఇది అంటరానితనమా, కాదా? ఎవరి మాట వినాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. చేతులు కడుక్కున్నానని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. మీ చేతుల్లో ఏమీ లేదు. ముందు ఆ మాట చెప్పాలి. ఆ రాత్రి మీకు కలిగిన బాధ అపార్థం వల్ల వచ్చినది కాదు, మీ అమాయకత్వమూ కాదు. నీళ్ల దగ్గర, గ్లాసు దగ్గర, చేయి తగిలిన చోట మన దళిత ఇళ్లకు తరాల అనుభవం ఉంది. 1985లో కారంచేడు గొడవ మొదలైంది కూడా తాగునీటి చెరువు దగ్గరే. అందుకే మీ మనసు ఒక్క క్షణంలో నానమ్మ దోసిలి దాకా వెళ్లింది. అలా వెళ్లడంలో తప్పు లేదు.

అయితే ఆ ఇంట్లో జరిగింది ఏమిటో కూడా మీకు తెలియాలి. తెలిసిన తర్వాత కూడా బాధ ఉండొచ్చు, కానీ ఆ బాధ దేని గురించో స్పష్టమవుతుంది.

యూదుల ధర్మశాస్త్రాన్ని హలఖా అంటారు. అందులో వైన్‌కు ప్రత్యేకమైన నియమం ఉంది. పాతకాలంలో గ్రీకులు, రోమన్లు, చుట్టుపక్కల జనాలు తమ దేవతల ముందు ద్రాక్షారసం ధారపోసేవారు. మన ఊళ్లలో గ్రామదేవత ముందు కల్లు సాక పోస్తారు కదా, అలాంటిదే. అలా ధారపోసిన వైన్ తాగడం యూదులకు నిషేధం. ఏ వైన్ ఎక్కడ సాకగా వెళ్లిందో తెలియదు కాబట్టి, యూదులు కానివాళ్లు పోసిన మామూలు వైన్ కూడా తాగకూడదని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, నియమం పెట్టారు. వాళ్ల చర్చలను కూర్చిన పెద్ద గ్రంథం తల్మూద్‌లో దీని గురించి పేజీలకు పేజీల చర్చ ఉంది. ఇంకో కారణం కూడా వాళ్లే దాచుకోకుండా చెప్పారు. కలిసి వైన్ తాగితే స్నేహం పెరుగుతుంది, స్నేహం పెరిగితే పెళ్లిళ్లు అవుతాయి, పెళ్లిళ్లయితే తమ చిన్న జాతి కరిగిపోతుందని భయం. దీని గురించి కింద మళ్లీ మాట్లాడతాను, ఎందుకంటే మీ తమ్ముడు పట్టుకోవాల్సింది ఇక్కడే.

మైల అనే మాట మనకు తెలుసు కాబట్టి మీరు దాన్నే అనుకుని ఉంటారు. ఈ నియమం మైల గురించి కాదు. లేవీయకాండంలో ఉన్న మైల, శుద్ధి నియమాలు వేరు. 70వ సంవత్సరంలో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక వాటిలో చాలా భాగం ఆచరణలోనే లేవు. మీ చేయి తగిలితే మలినం అవుతుందనుకుంటే, మీరు కలిపిన టీ, మీరు పోసిన నీళ్లు, మీ చేత్తో తినిపించిన అన్నం వాళ్లు ముట్టుకోకూడదు. రోజూ తింటున్నారు, తాగుతున్నారు. మీరు బీరు పోసినా, విస్కీ పోసినా ఈ నియమం వర్తించదు. అది ద్రాక్ష నుంచి తీసినదానికే. మూత బిగించి ఉన్న వైన్ సీసా మీరు పట్టుకున్నా ఏమీ కాదు. ఇంకో విషయం వింటే మీరు ఆశ్చర్యపోతారు. విశ్రాంతి దినం నియమాలను బాహాటంగా ఉల్లంఘించే యూదుడు పోసిన వైన్ విషయంలో కూడా చాలామంది రబ్బీలు ఇదే నియమం చెప్పారు. మరోవైపు, యూదు మతంలో చేరిన పరాయి మనిషి పోస్తే అభ్యంతరం ఉండదు. కాబట్టి ఇది ఒంట్లో ఉన్న మలినం గురించి కాదు.

మీకు దగ్గరగా ఉండే ఒక పోలిక చెప్తాను. మీ ఇంట్లో ప్రసాదం తినరు కదా? జాతరలో కోసిన మాంసం పక్కింటివాళ్లు పంపితే మీ అమ్మగారు ఏం చేసేవారు? చాలా క్రైస్తవ ఇళ్లలో "వద్దమ్మా, మేం తినం" అంటారు, లేదా తీసుకుని పక్కన పెట్టేస్తారు. పక్కింటావిడ చేయి మురికి అని కాదు, అది విగ్రహం ముందు పెట్టినది అని. మీ లెక్కలో అది మీ విశ్వాసం. కానీ ఆవిడ మొహం ఎలా మారిందో మీరు ఎప్పుడైనా చూశారా? ఆ శుక్రవారం రాత్రి ఆ పక్కింటావిడ నిలబడిన చోట మీరు నిలబడ్డారు.

స్టవ్ విషయం కూడా దీనికి దగ్గరదే. యూదులు కానివాళ్లు పూర్తిగా ఒంటిచేత్తో వండినది తినకూడదని ఒక నియమం. యూరప్ నుంచి వచ్చిన యూదుల ఆచారంలో, నిప్పు యూదులు వెలిగిస్తే చాలు, తర్వాత వంటంతా ఎవరు చేసినా తినొచ్చు. స్పెయిన్, తూర్పు దేశాల నుంచి వచ్చిన చాలామంది యూదుల ఆచారంలో గిన్నె కూడా వాళ్లే పెట్టాలి. సావ్తా వణికే చేతులతో స్టవ్ వెలిగించేది మీ వంట తినడానికే. వెలిగించకపోతే తినలేరు. అది మిమ్మల్ని దూరం పెట్టే పనిలా కనిపించినా, ఆవిడ వైపు నుంచి చూస్తే మీ వంటకు దారి తెరిచే పని.

లైటు సంగతి తొందరగా చెప్పేస్తాను. విశ్రాంతి దినం నాడు చేయకూడని పనులు 39 రకాలని తల్మూద్‌కు మూలమైన మిష్నా అనే గ్రంథంలో లెక్క ఉంది. నిప్పు రాజేయడం అందులో ఒకటి, కరెంటు స్విచ్చి కూడా ఆ లెక్కలోకే తీసుకున్నారు. తాను చేయకూడని పనిని ఇంకొకరికి పురమాయించి చేయించుకోకూడదు. అందుకే "చీకటిగా ఉంది" అంటారు. మిమ్మల్ని ఆటపట్టించడం కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఊపిరి ఆడకపోయినా, పడిపోయినా, ప్రాణం మీదికి వచ్చినా విశ్రాంతి దినం నియమాలు పక్కకు పోతాయి. అప్పుడు ఎవరి సైగ కోసమూ ఎదురుచూడకుండా 101కి ఫోన్ చేయండి. వాళ్ల ధర్మశాస్త్రమే అలా చెప్తుంది.

సరే, కారణాలు తెలిశాయి. మరి మీ తమ్ముడు చెప్పేది పూర్తిగా తప్పా? కాదు. కులానికి అసలు కీలు సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడమని అంబేద్కర్ 1916లోనే వాదించారు. "కలిసి తాగితే పెళ్లిళ్లవుతాయి" అనే భయంతో పుట్టిన నియమం చదివితే, కులం చూసిన మనిషికి ఒళ్లు జలదరిస్తుంది. జలదరించాలి కూడా. ఆ రెంటి మధ్య పోలిక ఉంది, లేదని మీకు చెప్పను.

కానీ తేడా కూడా ఉంది, అది చిన్నది కాదు. ఊరి భూమి, బావి, అధికారం చేతిలో ఉన్నవాళ్లు పెట్టిన నియమం అంటరానితనం. ఇది పరాయి రాజుల కింద, పరాయి దేశాల్లో బతికిన కొద్దిమంది తమ ఉనికి పోకుండా వేసుకున్న కంచె. మీరు సండే స్కూల్లో నేర్చుకున్న దానియేలు కథ గుర్తు తెచ్చుకోండి. బబులోనులో రాజు పెట్టిన భోజనం, రాజు తాగే ద్రాక్షారసం పుచ్చుకోనని, కూరగాయలు, నీళ్లు చాలని అన్నాడు. ఆ కథ చెప్పేటప్పుడు మనం దానియేలును మెచ్చుకుంటాం. రాజుగారి వంటవాడు ఏమనుకున్నాడో ఆలోచించం. ఎందుకంటే దానియేలు బందీ, రాజు బలవంతుడు.

ఇప్పుడు పెతాఖ్ తిక్వాలో ఆ భోజనాల బల్ల దగ్గర చూడండి. ఇల్లు వాళ్లది, దేశం వాళ్లది, వీసా కాగితం మీద యజమాని పేరు వాళ్లది. ఇంటికి దూరంగా, పరాయి భాషలో, అప్పు భారంతో నిలబడింది మీరు. అంటే ఆ బల్ల దగ్గర దానియేలు స్థానంలో ఉన్నది మీరు. బలం లేనివాళ్లు తమను కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం, బలం ఉన్న చేతుల్లోకి వచ్చాక అదే రకంగా తగలదు. నియమం మారకపోయినా దెబ్బ మారుతుంది. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

ఇది వాళ్లకు తెలియని సంగతి కూడా కాదు. 2018లో ఇజ్రాయెల్‌లో ఒక పెద్ద వైన్ కంపెనీలో ఇథియోపియా నుంచి వచ్చిన యూదు కార్మికులను వైన్ ముట్టుకునే పనుల నుంచి తప్పించారు. వాళ్ల యూదుత్వం మీద అనుమానం ఉన్న ఒక కోషర్ సంస్థ (ఆహారం యూదు నియమాలకు తగినదని ముద్ర వేసే సంస్థ) ధ్రువీకరణ కోసం అలా చేశారు. దేశం అట్టుడికింది. అప్పటి ప్రధాన రబ్బీల్లో ఒకరైన యిత్జాక్ యోసెఫ్ అది జాత్యహంకారం తప్ప మరొకటి కాదని తప్పుపట్టారు. వైన్ నియమాన్ని స్వయంగా పాటించే మనిషి అన్న మాట అది. నియమం ఎక్కడ ఆగుతుందో, అవమానం ఎక్కడ మొదలవుతుందో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ మూలాలున్న కొన్ని కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుని దశాబ్దాలుగా విశ్రాంతి దినం పాటిస్తున్నాయి. కులం ఇవ్వని గౌరవాన్ని ఈ సంప్రదాయంలోనే చూసుకున్న మనవాళ్లు కూడా ఉన్నారు. అందుకే దీన్ని ఒక్క మాటలో మంచిదనో చెడ్డదనో తేల్చేయడం నాకు చేతకాదు.

ఇక పాస్టరుగారి మాట. ఆయన మీద గౌరవం ఉంచే చెప్తున్నాను. ఏర్పరచుకున్న ప్రజలు కాబట్టి నోరెత్తకూడదు అనేది హీబ్రూ లేఖనాల తీరే కాదు. సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవుడితోనే బేరమాడాడు. "భూమి మీద వంశాలన్నిటిలో మిమ్మల్ని మాత్రమే ఎరిగి ఉన్నాను, కాబట్టి మీ దోషాలన్నిటికీ మిమ్మల్ని శిక్షిస్తాను" అనే అర్థంలో ఆమోసు మూడో అధ్యాయంలో ఉంది, తీసి చదువుకోండి. ఏర్పాటు అంటే అక్కడ ఎక్కువ బాధ్యత, మినహాయింపు కాదు. పస్కా పండుగ రాత్రి భోజనం దగ్గర చెప్పుకునే విడుదల కథ కూడా ఇంట్లో చిన్న పిల్లవాడు ప్రశ్నలు అడగడంతోనే మొదలవుతుంది. అడగడం ఆ ఇంట్లో పాపం కాదు. మీకు ఏ శాపమూ తగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. వైన్ తాగకపోవడం వాళ్ల నియమం. కానీ పెళ్లివారి ముందు, మీ కళ్లముందే, ఒక్క మాట చెప్పకుండా సింకులో పారబోయడం ఏ నియమమూ కాదు. పైగా అది వాళ్ల నియమానికే విరుద్ధం. తల్మూద్‌లో ఒక మాట ఉంది: నలుగురిలో తోటి మనిషి మొహం తెల్లబోయేలా చేసినవాడు రక్తం చిందించినవాడితో సమానం. హీబ్రూలో దీన్ని హల్బనత్ పనీమ్ అంటారు. అక్షరాలా మొహం తెల్లబోయేలా చేయడమే. మన తెలుగులో అనే మాటే! ఆ మాట విన్న ఒక రబ్బీ అక్కడే, "నిజమే, ఎరుపు పోయి తెలుపు రావడం మనం చూస్తున్నాం కదా" అంటాడు. ఆ పక్కనే ఆదికాండంలోని తామారు ప్రస్తావన వస్తుంది. మామ యూదా వల్లే ఆమె గర్భవతి అయింది. కాల్చడానికి తీసుకుపోతున్నా ఆమె యూదా పేరు బయటపెట్టలేదు. ముద్ర, దారం, కర్ర పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టమంది, అంతే. నలుగురిలో ఒకరిని సిగ్గుపరచడం కన్నా నిప్పుల్లో పడటం మేలని రబ్బీలు ఆమె నుంచి నేర్చుకున్నారు.

ఇంకొకటి, మీరు ప్రతి శుక్రవారం చూసేదే. వైన్ మీద ప్రార్థన అయ్యేదాకా హల్లా రొట్టెలను గుడ్డ కప్పి ఉంచుతారు కదా? దానికి చెప్పుకునే కారణాల్లో ఒకటి, ముందు వైన్‌కు ప్రార్థన చేస్తే రొట్టె చిన్నబుచ్చుకుంటుందని. 19వ శతాబ్దంలో లిథువేనియాలో ఉన్న రబ్బీ ఇస్రాయేల్ సలాంటెర్ గురించి చెప్పుకునే ఒక కథ ఉంది. ఒక ఇంట్లో భోజనానికి వెళ్తే, రొట్టె మీద గుడ్డ కప్పలేదని ఇంటాయన భార్యను అందరి ముందూ కసురుకున్నాడట. "రొట్టె మనసు నొచ్చుకోకూడదని అంత జాగ్రత్తపడేవాడివి, భార్య మనసు సంగతి ఏమైంది?" అన్నాడట సలాంటెర్. ఈ కథ ఆ ఇంట్లో వాళ్లు చాలా వరకు వినే ఉంటారు.

"తోటి మనిషి" అంటే యూదుడేనా, అందరూనా అనే వాదం వాళ్లలో ఉంది. అది కూడా మీరు తెలుసుకోవాలి. కానీ ఆదాము ఒక్కడినే ఎందుకు సృష్టించాడు అని అడిగి, "మా నాన్న మీ నాన్న కన్నా గొప్ప అని ఎవరూ అనకుండా" అని జవాబు చెప్పింది కూడా వాళ్ల మిష్నానే.

మరి ఏం చేయవచ్చు? మీ ముందు ఉన్న దారులు చెప్తాను. దేనికి ఎంత ఖర్చో మీరే లెక్క చూసుకోండి.

ఏమీ అనకుండా, శుక్రవారం రాత్రి బల్ల దగ్గర వైన్‌కు దూరంగా ఉండటం ఒక దారి. గొడవ ఉండదు, జీతం ఆగదు. కానీ మీ ఉత్తరం చూస్తే అది మీ లోపల ఇప్పటికే స్టవ్ దాకా, లైటు దాకా పాకింది. ఇంకో ఏడాదికి సావ్తాకు స్నానం చేయించేటప్పుడు కూడా గుర్తొస్తుంది. అలాంటి పని చేసే చేతుల్లో కోపం ఉంటే మీకూ కష్టమే, ఆవిడకూ కష్టమే.

మాట్లాడటం రెండోది. నన్నడిగితే ముందు ఇదే చేయమంటాను. శుక్రవారం సాయంత్రం హడావిడిలో వద్దు, అతిథుల ముందు వద్దు, అల్లుడుగారితో వాదనగా వద్దు. వారం మధ్యలో, కూతురు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు. "మీ నియమం తప్పు" అని మొదలుపెడితే వాళ్లు నియమాన్ని వెనకేసుకొస్తారు, మాట అక్కడే ఆగిపోతుంది. "ఆ నియమం గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. అందరి ముందూ పారబోస్తే నెఎలవ్తి" అనండి. నాకు అవమానం అయింది అని అర్థం. కావాలంటే హల్బనత్ పనీమ్ అనే మాట వాడండి. ఆ మాట బరువు వాళ్లకు తెలుసు. మీ నానమ్మ సంగతి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెప్తే వాళ్లకు మీ బాధ లోతు అర్థం కావొచ్చు. అంత సొంత విషయాన్ని వాళ్ల చేతిలో పెట్టడం ఇష్టం లేకపోతే దాచుకోవడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

అలాగే ఒక పరిష్కారం కూడా చేతిలో పెట్టుకుని వెళ్లండి. మెవుషాల్ అనే రకం వైన్ ఉంటుంది, అంటే కాచిన వైన్ అని. కాచిన వైన్ దేవతలకు ధారపోయడానికి పనికిరాదు కాబట్టి, దాన్ని ఎవరు పోసినా ఈ నియమం అడ్డు రాదు. పెళ్లిళ్లలో, హోటళ్లలో వేరే మతాల వాళ్లు వడ్డిస్తారు కాబట్టి ఎక్కువగా అదే వాడతారు. సీసా మీదే రాసి ఉంటుంది. మెవుషాల్ ద్రాక్షరసం కూడా దొరుకుతుంది. "ఇకనుంచి అది తెస్తే నేనూ సావ్తాకు పోయగలను" అని అడగండి. చాలా ఇళ్లలో మెతపెలెత్ ఉన్నప్పుడు చేసుకునే ఏర్పాటే. అయితే, శుక్రవారం ప్రార్థనకు కాచని వైనే శ్రేష్ఠమని పట్టుబట్టే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు అలా అంటే, కనీసం సీసా తెరవడం, పోయడం, పక్కన పెట్టడం అన్నీ ఇంట్లో వాళ్లే చూసుకోవాలని, మీరు పొరపాటున ముట్టుకునే పరిస్థితి రానివ్వకూడదని అడగండి. నియమం వాళ్లది కాబట్టి దాన్ని కాచుకునే బాధ్యత కూడా వాళ్లదే కావాలి. వాళ్లు ఆ మాత్రం కూడా వినకుండా చిరాకు పడితే, మీకు ఆ ఇంటి గురించి కొత్త సంగతి ఒకటి తెలుస్తుంది. అప్పుడు కింద చెప్పే దారుల గురించి ఆలోచించవచ్చు.

మీ వారపు సెలవు ఎప్పుడు? ఉత్తరంలో రాయలేదు. యూదులు కాని కార్మికులు శుక్రవారం, శనివారం, ఆదివారాల్లో తమకు కుదిరిన రోజును విశ్రాంతి దినంగా తీసుకోవచ్చని అక్కడి చట్టంలో ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి సెలవు తీసుకుంటే ఆ బల్ల దగ్గర నిలబడే అవసరమే ఉండదు. వలస కార్మికుల చర్చిల్లో శనివారం ఆరాధనలు కూడా ఉంటాయి, మన భాష వినపడే చోటు దొరకొచ్చు. కానీ ఆ రోజే కుటుంబానికి మీ చేతుల అవసరం ఎక్కువ, వాళ్లు మొహమాట పెడతారు. ఇంకొకటి, మీరు వెళ్లిపోతే ఆ గాయం గురించి ఎవరూ మాట్లాడుకోకుండానే పోతుంది. ఇది మాట్లాడిన తర్వాత తీసుకుంటే మేలు.

ఇక తమ్ముడు చెప్పినట్టు ఇల్లు మారడం. ఇది కూడా నిజమైన దారే, పిరికితనం కాదు, పొగరూ కాదు. మతాచారాలు పాటించని సెక్యులర్ ఇళ్లు ఇజ్రాయెల్‌లో చాలా ఉన్నాయి, అక్కడ వైన్ ఎవరు పోసినా పట్టించుకోరు. కానీ అలాంటి ఇంట్లో జీతం, మాట, రాత్రి నిద్ర ఎలా ఉంటాయో వెళ్లేదాకా తెలియదు. కోపంలో బ్యాగు సర్దుకుని బయటికి మాత్రం రావద్దు. ముందుగా నోటీసు ఇవ్వాలి, మీ ఏజెన్సీ ద్వారా మారాలి, లేకపోతే వీసాకే ముప్పు. సంరక్షణ పని వీసాకు మామూలుగా మొత్తం 63 నెలల పరిమితి ఉంది, అందులో రెండేళ్లు అయిపోయాయి కాబట్టి మారే ముందు తేదీలు లెక్క చూసుకోండి. టెల్ అవీవ్‌లో కావ్ లా ఓవెద్ అనే కార్మిక హక్కుల సంస్థ 1991 నుంచి పనిచేస్తోంది. మారాలని తేల్చుకుంటే, ఏజెన్సీకి చెప్పేముందు వాళ్లను ఒకసారి అడగండి. తమ్ముడికి కూడా ఈ వివరాలు చెప్పండి. అతని కోపం మీ మీద ప్రేమే, కాకపోతే అప్పు కట్టాల్సింది మీరు.

ఇక చివరిగా, సావ్తా గురించి. వాకర్ పట్టుకుని మీ తలుపు దాకా వచ్చి "నువ్వు కాదు" అన్నారని రాశారు. 84 ఏళ్ల మనిషి, పడుకోబెడితే లేవడానికి మీ చేయి కావాల్సిన మనిషి, ఆ రాత్రి ఒంటరిగా లేచి వచ్చారు. ఆ ఇంట్లో మీ మొహం తెల్లబోవడం చూసింది ఆవిడ ఒక్కరే కావొచ్చు. ఏదో చెప్పాలనుకున్నారు, మాటలు చాలలేదు, లేదా మీరు వినే స్థితిలో లేరు. కూతురితో మాట్లాడే ముందు ఆవిడతో మాట్లాడండి. ఏదో ఒక మధ్యాహ్నం, ఆవిడ స్టవ్ వెలిగించి మీకు అప్పగించిన తర్వాత, పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఆ రోజు నువ్వు కాదు అన్నారు కదా సావ్తా, మరి ఎవరు?" అని అడగండి.